గుడ్డ సంచీతో ఇంట్లో బీరు: మొదటిసారి చేసేవాళ్ళకి, నా పగిలిన సీసాల సాక్షిగా

ఈరోజు టాపిక్ చాలామంది అడుగుతున్నదే. కానీ మొదలుపెట్టే ముందు రెండు ముక్కలు చెప్పేస్తాను, ఇవి వినకుండా ముందుకి వెళ్ళొద్దు.

ఒకటి. నేనుండేది ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌కి పడమటి వైపు టార్నీట్‌లో. ఇక్కడ సొంతంగా తాగడానికి ఇంట్లో బీరు చేసుకోవచ్చు, దానికి లైసెన్స్ అక్కర్లేదు. ఒక్క సీసా అమ్మినా మాత్రం లైసెన్స్ కావాలి. తాగే వయసు 18.

రెండు. మీరు ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండి ఇది చూస్తుంటే, అక్కడ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. "బీరే కదా బ్రో" అంటే కుదరదు. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు ఉన్నాయి కదా అంటారేమో, వాళ్ళు లైసెన్స్ తీసుకుని చేస్తారు. కాబట్టి అక్కడున్నవాళ్ళు విని తెలుసుకోండి, చేయొద్దు. చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్నవాళ్ళు మీ ఊరి రూల్స్ చూసుకుని మొదలుపెట్టండి. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీరు చేసుకోవడానికి దారి తెరుచుకుంది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100 గాలన్లు అని హద్దు పెట్టారు. బ్రిటన్‌లో 1963 నుంచే లైసెన్స్ తీసేశారు.

సరే. ఇప్పుడు ఒక చిన్న కథ.

నేను మొదటిసారి బీరు చేసిన వారంలోనే అమ్మ వీడియో కాల్ చేసింది. వెనకాల గరాజ్‌లో తెల్ల బకెట్, దాని మీద గుడగుడమంటున్న ప్లాస్టిక్ గొట్టం కనపడింది. "ఏంట్రా అది?" అంది. దాచకుండా చెప్పాను. అమ్మ ముఖం మారిపోయింది. "సారా కాస్తున్నావా?" అని ఒక్క మాట అడిగి ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులు మాట్లాడలేదు.

మా అమ్మది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మీదకి వెళ్ళారే, ఆ ఉద్యమం పక్క ఊళ్ళకి పాకినప్పుడు అమ్మ కూడా వెళ్ళింది. మరుసటి ఏడు, 1993లో, రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కానీ అప్పటికే మా పెద్ద మామయ్య పోయాడు. సారాకే పోయాడు. నేను ఆయన్ని ఫోటోలోనే చూశాను. కాబట్టి అమ్మ కోపం నాకు అర్థమవుతుంది. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేది బీరు ఎలా చేయాలని మాత్రమే కాదు, అమ్మకి నేను ఏం సమాధానం చెప్పుకున్నానో కూడా.

ముందు అసలు విషయం. సారా వేరు, బీరు వేరు. సారా అంటే పులిసినదాన్ని మరిగించి, ఆవిరిని పట్టి, చల్లార్చి తీస్తారు. అది బట్టీ పని. ఇంట్లో అలా చేయడం లైసెన్స్ లేకపోతే ఆస్ట్రేలియాలో కూడా నేరమే, మన బట్టీ ఎంత చిన్నదైనా సరే. బీరులో ఆ ఘట్టమే లేదు. గింజల తియ్యటి నీళ్ళు పులుస్తాయి, అంతే. తాగడానికి తయారైనదాన్ని ఎక్కడా కాచి ఆవిరి తీయం. మరి మరిగించేది ఏంటి అంటారా? అది పులియకముందు. అందులో అప్పటికి ఆల్కహాల్ చుక్క కూడా ఉండదు.

బీరుకి కావలసినవి నాలుగు: మాల్ట్ చేసిన బార్లీ, నీళ్ళు, హాప్స్ అనే చేదు పూలు, ఈస్ట్. మాల్ట్ అంటే మనకి కొత్తేం కాదు. రాగులు నానబెట్టి, మొలకలు రాగానే ఆరబెట్టి, పిండి పట్టించి పిల్లలకి జావ చేస్తారు కదా? మామూలు రాగిపిండి జావ గట్టిగా ముద్దలా అవుతుంది, మొలకల పిండి జావ పల్చగా వస్తుంది. ఎందుకంటే మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి, అవి పిండి పదార్థాన్ని చిన్న చిన్న చక్కెరలుగా కత్తిరిస్తాయి. అన్నం ముద్ద బాగా నమిలితే తియ్యగా అనిపించేది కూడా ఇలాంటి ఎంజైమ్ వల్లే, అది మన లాలాజలంలో ఉంటుంది. బార్లీ మాల్ట్‌లోనూ అదే జరుగుతుంది. వేడినీళ్ళలో గంట నానబెడితే పిండి చక్కెర అవుతుంది. ఆ తియ్యటి నీళ్ళని వర్ట్ అంటారు. ఈస్ట్ ఆ చక్కెర తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. కథ మొత్తం ఇదే.

ఇక గుడ్డ సంచీ ఎందుకు? పాత పద్ధతిలో గింజలతో మొదలుపెట్టి చేయాలంటే మూడు పాత్రలు కావాలి. వేడినీళ్ళకి ఒకటి, గింజలు నానడానికి అడుగున జల్లెడ ఉన్నది ఒకటి, మరిగించడానికి ఒకటి. మధ్యలో పైపులు, కుళాయిలు. అద్దె ఇంట్లో అవన్నీ ఎక్కడ పెడతాం? అందుకే కొత్తవాళ్ళు డబ్బా సిరప్ కొని నీళ్ళు కలిపి సరిపెట్టుకునేవాళ్ళు. 2000ల మధ్యలో ఇక్కడి ఆస్ట్రేలియా వాళ్ళే ఒక సులువు ప్రచారంలోకి తెచ్చారు. ఒకే గిన్నె, లోపల పెద్ద గుడ్డ సంచీ. టీ బ్యాగ్ లాంటిదే. గింజలు సంచీలో నానతాయి, గంటయ్యాక సంచీ పైకి ఎత్తేస్తాం, అదే గిన్నెలో మిగిలిన నీళ్ళు మరిగిస్తాం. అయిపోయింది. ఇప్పుడు ప్రపంచమంతా ఇలా చేస్తున్నారు.

సామాన్లు చెప్తాను, రాసుకోండి. 20 లీటర్ల స్టీలు గిన్నె, మూతతో. సంచీ. నాది కర్టెన్లకి వాడే పల్చటి పాలిస్టర్ నెట్ గుడ్డతో ఫ్రెండ్ వాళ్ళావిడ కుట్టిపెట్టింది. గిన్నె మొత్తాన్ని లోపలినుంచి కప్పి, అంచు బయటికి మడతపడేంత పెద్దది ఉండాలి. థర్మామీటర్. తూకం, గ్రాముల్లో చూపించేది. మూతలో ఎయిర్‌లాక్ పట్టే ఫుడ్ గ్రేడ్ బకెట్. ఎయిర్‌లాక్ అంటే లోపలి గ్యాస్ బయటికి పోయి బయటి గాలి లోపలికి రాకుండా నీళ్ళు పోసే చిన్న గొట్టం. హైడ్రోమీటర్. శానిటైజర్, కడగక్కర్లేని రకం. సీసాలు, వాటి సంగతి చివర్లో చెప్తాను, అక్కడే నేను దెబ్బతిన్నాను.

మొదటిసారే 23 లీటర్లు చేయొద్దు. 10 లీటర్లు చేయండి. వంటింటి స్టవ్ మీద అవుతుంది, ఎత్తడానికి బరువుండదు, పాడైతే బాధ కూడా సగమే.

10 లీటర్లకి లెక్క ఇది. పేల్ మాల్ట్ 2.25 కిలోలు, షాపులోనే పగలగొట్టించుకోండి. పిండి కాకూడదు, రవ్వలా పగలాలి. క్యాస్కేడ్ హాప్స్ 30 గ్రాములు, 15, 15గా విడగొట్టి. యూఎస్-05 అనే పొడి ఈస్ట్ ఒక ప్యాకెట్. నీళ్ళు 15.5 లీటర్లు. "పది లీటర్లకి పదిహేనున్నరా?" అంటారు. గింజలు దాదాపు 1.8 లీటర్లు పీల్చుకుంటాయి, గంట మరిగితే 2.7 లీటర్ల దాకా ఆవిరైపోతుంది, అడుగున మడ్డి లీటర్ దాకా వదిలేస్తాం. మిగిలేది 10. మీ స్టవ్ మంటని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, రెండోసారికి మీ లెక్క మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు పని.

నీళ్ళు 70 డిగ్రీలకి వేడిచేయండి, సెల్సియస్‌లో చెప్తున్నాను. మంట ఆపేయండి. సంచీ వేసి, గింజలు కొద్దికొద్దిగా పోస్తూ గరిటతో కలపండి. ఉప్మాలో రవ్వ పోసినట్టే, ఒకేసారి పోస్తే ఉండ కడుతుంది. ఉండ లోపల పొడిగానే ఉండిపోతే ఆ గింజ వృథా. చల్లటి గింజలు పడగానే వేడి 67 దగ్గరికి దిగుతుంది. మనకి కావలసింది అదే, 66, 67.

ఈ నంబర్ ఎందుకు ముఖ్యమంటే, మాల్ట్‌లో ప్రధానంగా రెండు ఎంజైములు పనిచేస్తాయి. ఒకటి 60 నుంచి 65 మధ్య చురుగ్గా ఉండి ఈస్ట్ సులువుగా తినే చక్కెర ఇస్తుంది. ఇంకోటి 68 నుంచి 72 మధ్య బాగా పనిచేసి, ఈస్ట్ తినలేని పెద్ద చక్కెరలు కూడా మిగులుస్తుంది. వేడి తగ్గితే బీరు పల్చగా, పొడిగా వస్తుంది. పెరిగితే చిక్కగా, కొంచెం తియ్యగా వస్తుంది. 67 మధ్యే మార్గం. 80 దాటిందా, ఎంజైములు చచ్చిపోతాయి, ఇక ఏం చేసినా చక్కెర కాదు. అందుకే ముందు నీళ్ళ వేడి చూసి, ఆ తర్వాతే గింజలు.

మూత పెట్టి, గిన్నె చుట్టూ రగ్గు చుట్టేయండి. స్టవ్ పూర్తిగా ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, రగ్గు అంటుకుంటే బీరు సంగతి దేవుడెరుగు. గంట వదిలేయండి. ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా ఏం కాదు. బాగా తగ్గింది, మళ్ళీ వేడి చేయాలి అంటే సంచీ కాస్త పైకి లాగి పట్టుకుని చేయండి. సంచీ అడుగుకి ఆని ఉండగా మంట పెడితే గుడ్డ కాలి చిల్లు పడుతుంది, గింజలన్నీ కిందికి.

గంటయ్యాక సంచీ ఎత్తాలి. పీల్చుకున్న నీళ్ళతో కలిపి నాలుగు కిలోలుంటుంది, పైగా 65 డిగ్రీల వేడి. మందపాటి గ్లవ్స్ వేసుకోండి. గిన్నె మీద స్టీలు చిల్లుల గిన్నె పెట్టి, అందులో సంచీ పెట్టి కారనివ్వండి. తర్వాత పిండేయండి. పిండితే వగరు వస్తుందని పాతవాళ్ళు భయపెడతారు. వగరు వచ్చేది గింజల్ని మరీ వేడినీళ్ళలో ఉంచినా, నీళ్ళ పీహెచ్ మరీ ఎక్కువైనా. చేత్తో పిండితే నాకైతే ఎప్పుడూ రాలేదు. మిగిలిన పిప్పి కంపోస్టులో వేస్తాను. ఒక జాగ్రత్త, ఇంట్లో కుక్క ఉంటే తర్వాత మిగిలే హాప్స్ మడ్డి మాత్రం దాని నోటికి అందనివ్వొద్దు. హాప్స్ కుక్కలకి విషం.

ఇప్పుడు గిన్నెలో 13, 14 లీటర్ల తియ్యటి నీళ్ళుంటాయి. పెద్ద మంట మీద పెట్టండి. మరిగే ముందు పాలు పొంగినట్టు నురగ పొంగుతుంది. ఆ రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టండి. నేను రీల్ చూస్తూ ఉండి స్టవ్ అంతా పాకం చేశాను, తుడవడానికి గంట పట్టింది. నురగ దిగాక మొదటి 15 గ్రాముల హాప్స్. అక్కడినుంచి 60 నిమిషాలు లెక్క. ఇవి చేదు కోసం, ఎంత మరిగితే అంత చేదు దిగుతుంది. ఇంకో 10 నిమిషాలుందనగా మిగతా 15 గ్రాములు, ఇవి వాసన కోసం. పోపులో ఇంగువ ముందు వేయడం వేరు, చివర్లో కొత్తిమీర చల్లడం వేరు కదా, అలాగన్నమాట. మరిగేటప్పుడు మూత పెట్టొద్దు. ఉడికిన మొక్కజొన్న లాంటి వాసన ఇచ్చే పదార్థం ఒకటి ఆవిరితో పోవాలి, మూత పెడితే అది మళ్ళీ లోపలికే పడుతుంది.

మంట ఆపిన క్షణం నుంచి రూల్స్ మారతాయి. అప్పటిదాకా ఏ సూక్ష్మజీవి పడినా మరిగి చచ్చేది. ఇకమీదట తగిలే ప్రతిదీ, గరిట, బకెట్, మూత, ఎయిర్‌లాక్, థర్మామీటర్, ఈస్ట్ ప్యాకెట్ కత్తిరించే కత్తెర కూడా, శానిటైజర్‌లో ముంచాలి. ముందు సబ్బుతో కడగాలి, తర్వాత శానిటైజర్. మురికి మీద శానిటైజర్ పోస్తే పనిచేయదు. పెరుగు తోడుపెట్టే గిన్నె శుభ్రంగా లేకపోతే ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఇక్కడా అంతే, మనం పిలిచిన ఈస్ట్ ఒక్కటే రావాలి, పిలవనివాళ్ళు రాకూడదు.

గిన్నెకి మూత పెట్టి, లాండ్రీ సింక్‌లో ఐస్ నీళ్ళు పోసి అందులో కూర్చోబెట్టండి. నీళ్ళు వేడెక్కితే మార్చండి. నాకు 40 నిమిషాల దాకా పడుతుంది. 20 డిగ్రీలకి వచ్చాక బకెట్‌లోకి ఎత్తు నుంచి ధారగా పోయండి, గాలి కలవాలి, ఈస్ట్ పెరగడానికి మొదట్లో ఆక్సిజన్ కావాలి. బీరు చేయడంలో గాలి మంచిది అయ్యేది ఈ ఒక్కసారే. ఒక గ్లాసు పక్కకి తీసి హైడ్రోమీటర్ వేయండి. నీళ్ళలో అది 1.000 చూపిస్తుంది. చక్కెర ఉంటే పైకి తేలుతుంది. మన లెక్కకి 1.048 దగ్గర రావాలి. పుస్తకంలో రాసుకోండి. ఈస్ట్ చల్లండి, మూత పెట్టండి.

ఇక ఓపిక. బకెట్ 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి, రెండు వారాలు. ఒక రోజులో బుడగలు మొదలవుతాయి, పైన నురగ కడుతుంది, నాలుగైదు రోజులకి నెమ్మదిస్తుంది. ఇక్కడే నా కథ.

నేను మొదటిసారి చేసింది జులైలో. మెల్‌బోర్న్‌లో జులై అంటే నడి చలికాలం. బకెట్ గరాజ్‌లో పెట్టాను. రాత్రిపూట అక్కడ 11, 12 డిగ్రీలు. ఎనిమిదో రోజుకి బుడగలు ఆగిపోయాయి. హైడ్రోమీటర్ వేస్తే 1.020. ఈ ఈస్ట్‌తో 1.010 దాకా దిగాలి. నాకు తెలుసు ఆ సంగతి. కానీ వారాంతంలో ఫ్రెండ్స్ వస్తున్నారు, "గింజల బీరు కదా, ఇంతే ఉంటుందిలే" అని నాకు నేనే చెప్పుకున్నాను. పంచదార కలిపి గాజు సీసాల్లో పోసి మూతలు కొట్టేశాను. ఆ సీసాలు తీసుకొచ్చి హాల్లో హీటర్ పక్కనున్న అల్మరాలో పెట్టాను, గ్యాస్ తొందరగా పడుతుందని.

చలికాలంలో ఇడ్లీ పిండి పులవకపోతే మనం ఏమంటాం? పిండి పాడైందని అనం, చలికి ఆగిందంటాం. వెచ్చటి చోట పెడతాం, పొంగుతుంది. నా ఈస్ట్ కూడా పని పూర్తి చేసి ఆగలేదు, చలికి పడుకుంది. నేను దాన్ని తీసుకొచ్చి, మూత బిగించి, హీటర్ పక్కన లేపాను.

తొమ్మిదో రాత్రి, రెండు గంటలకి, ఢాం అని చప్పుడు. ఎవరో కిటికీ పగలగొట్టారనుకున్నాం. లేచి వచ్చేలోగా ఇంకోటి. తర్వాత వరసగా రెండు. అల్మరా తలుపు తెరుచుకుని హాలంతా గాజు పెంకులు, ఒక పెంకు ఎదుటి గోడ ప్లాస్టర్‌లో దిగిపోయి ఉంది. మాతో పాటు ఆ ఇంట్లో ఒక జంట ఉంటారు, వాళ్ళకి రెండేళ్ళ పాప. ఆ అల్మరా ఆ పాప దాగుడుమూతల చోటు. పగలంతా అందులోకి దూరి "నేనెక్కడ?" అని అరుస్తూ ఉంటుంది.

అది రాత్రి రెండు కాబట్టి ఇవాళ నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నాను. సాయంత్రం ఐదు అయ్యుంటే చేసేవాణ్ణి కాదు.

హీటర్ ఆపి, హాలు కిటికీలు తీసేసి, ఎవర్నీ ఆ పక్కకి వెళ్ళనివ్వకుండా ఒక రోజంతా చల్లబడనిచ్చాను. తర్వాత కళ్ళకి కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్, మందపాటి జాకెట్ వేసుకుని, సీసాల మీద తడి దుప్పటి కప్పి ఒక్కోటీ మూత తీశాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ పాప వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది అనిపించింది.

లెక్క చెప్తాను, గుర్తుపెట్టుకోండి. హైడ్రోమీటర్‌లో 0.001 మిగిలి ఉంటే సీసాలో దాదాపు అర వాల్యూమ్ గ్యాస్. వాల్యూమ్ అంటే ఒక లీటర్ బీరులో ఒక లీటర్ గ్యాస్ కరిగి ఉండటం. మామూలు బీరులో ఉండేది 2.4 దగ్గర. నా సీసాల్లో 1.020 నుంచి 1.010 దాకా పది మెట్లు మిగిలాయి, అంటే ఇంకో ఐదు వాల్యూమ్‌లు. మొత్తం ఏడు దాటింది. మామూలు బీరు సీసా దానికోసం చేసింది కాదు.

కాబట్టి రూల్ ఇది. బుడగల్ని నమ్మొద్దు, క్యాలెండర్‌ని నమ్మొద్దు, హైడ్రోమీటర్‌ని నమ్మండి. రెండు వారాలయ్యాక ఒకసారి చూడండి, మూడు రోజులాగి మళ్ళీ చూడండి. రెండూ ఒకటే ఉండాలి, అదీ అనుకున్న నంబర్ దగ్గర ఉండాలి. నాది ఒకే చోట ఆగింది కదా అంటే, ఆగింది చలికి. అనుకున్నదానికంటే పైన ఆగితే బకెట్‌ని 20 డిగ్రీల గదిలోకి తెచ్చి, నెమ్మదిగా ఒకసారి ఊపి, ఇంకో వారం ఆగండి. ఫ్రెండ్స్ వస్తున్నారా? కొట్లో కొనుక్కురండి.

నంబర్ కుదిరాక సీసాలు. లీటర్‌కి 6 గ్రాముల పంచదార. 9.5 లీటర్లు చేతికొస్తే 57 గ్రాములు. చెంచాలతో కాదు, తూకంతో. కొద్ది నీళ్ళలో మరిగించి, చల్లార్చి, శుభ్రం చేసిన ఇంకో బకెట్ అడుగున పోసి, దాని మీదకి బీరుని పైపుతో నురగ రాకుండా దించండి. అందరికీ సమంగా కలుస్తుంది. ఒక్కో సీసాలో విడిగా పంచదార వేస్తే ఒకటి చప్పగా, ఒకటి బాంబు.

మొదటిసారి గాజు వద్దు. ఇంటి బీరు కోసమే అమ్మే ముదురు రంగు ప్లాస్టిక్ సీసాలున్నాయి, అవి వాడండి. చేత్తో నొక్కితే లోపల గ్యాస్ ఎంత పట్టిందో తెలుస్తుంది. ఒకవేళ తప్పు జరిగినా పెంకులు ఎగరవు. గాజే వాడతానంటే గ్యాస్ బీరుకి చేసిన మందపాటివే, గీతలూ పగుళ్ళూ లేనివే, మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పిల్లలు తిరిగే చోట అసలొద్దు. 20 డిగ్రీల దగ్గర రెండు వారాలుంచి, ఫ్రిజ్‌లో పెట్టి, అడుగున మడ్డి కదలకుండా మెల్లగా వంచుకోండి.

ఇక చివరిది, అమ్మకి చెప్పిన సమాధానం.

కొట్లో కొన్న సీసా మీద ఎంత ఆల్కహాలో రాసుంటుంది. మన సీసా మీద ఎవరూ రాయరు, మనమే రాయాలి. 1.048 లోంచి 1.010 తీసేస్తే 38 మెట్లు. దాన్ని 0.131తో గుణిస్తే దాదాపు 5 శాతం. 330 మిల్లీలీటర్ల సీసాలో 13 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. ఆస్ట్రేలియాలో 10 గ్రాములని ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటారు, అంటే మన సీసా ఒకటి కాదు, 1.3. ఇక్కడి ఆరోగ్య మార్గదర్శకాలు వారానికి 10 మించొద్దు, ఏ ఒక్క రోజూ 4 మించొద్దు అంటాయి. తక్కువ తాగితే అంత మంచిదని కూడా అంటాయి. పది లీటర్లు చేస్తే 28 సీసాలు వస్తాయి. ఇంట్లో 28 సీసాలున్నాయంటే చేయి ఊరికే ఉండదు. అది నిజం, దాచడం దేనికి?

డ్రైవింగ్ సంగతి కూడా. విక్టోరియాలో ఫుల్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి హద్దు 0.05. కొత్తగా వచ్చి పీ ప్లేట్‌తో నడిపేవాళ్ళకి సున్నా. సున్నా అంటే సున్నా. ఇంటి బీరు కదా, లైట్‌గా ఉంటుందనుకుని లైసెన్స్ పోగొట్టుకోవద్దు.

అందుకే నా పుస్తకంలో ఆఖరి కాలమ్ ఒకటుంది. గింజలు, వేడి, నంబర్లు అన్నీ అయ్యాక, "ఎవరు, ఎన్ని" అని. ఏ సీసా ఎప్పుడు ఎవరు తాగారో రాస్తాను. నాలుగు రోజుల తర్వాత అమ్మ ఫోన్ చేసినప్పుడు సారాకీ బీరుకీ తేడా అరగంట చెప్పాను. అంతా విని అమ్మ అంది, "మా అన్న కూడా మొదట్లో కొలిచే తాగేవాడ్రా." నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి ప్రతి నెలా ఆ పేజీ ఫోటో తీసి అమ్మకి పంపుతున్నాను. పోయిన నెల 28లో 19 ఇచ్చేశాను, 6 నేను తాగాను, 3 ఇంకా ఉన్నాయి. అమ్మ ఒప్పుకుందా అంటే లేదు. ఫోటో చూసి కూడుతుంది. లెక్క తేడా వస్తే ఫోన్ వస్తుంది.

మీరూ ఒక పుస్తకం పెట్టుకోండి. మొదటి పేజీలో 1.048 రాయండి, ఆఖరి కాలమ్ గీసుకోండి, ఆ తర్వాతే స్టవ్ వెలిగించండి. ఉంటాను మరి, జాగ్రత్త.